కుప్పం షీల్డుకు పదకొండో పేరు

మదనపల్లె మిషన్ పేటలో ఒక మాట రెండేళ్ళుగా ఇంటింటికీ తిరుగుతోంది. పుంగనూరు ఫుట్‌బాల్ జట్టు సెక్రటరీ ఎలీషా మాస్టరు మన టైలర్ జయరత్నాన్ని కుప్పం షీల్డులో ఆడిస్తానని ఆశపెట్టి, ఆయన ఇంట్లో కృతజ్ఞత కూడికకు వచ్చి పాయసం తాగి, తీరా పేర్లు పంపే రోజున ఆయన్ను వదిలేసి సొంత బామ్మర్ది విక్టర్ పేరు రాసుకున్నాడంట. చేదబావి దగ్గర ఇదే మాట. ఆదివారం గుడి బయట చెప్పులు వెతుక్కునేటప్పుడు ఇదే మాట. ఈ మధ్య దీనికొక తోక కూడా మొలిచింది. ఎలీషా పెళ్ళాం ఇందిర మూడు రోజులు పొయ్యి వెలిగించకుండా కూర్చుని తమ్ముడి పేరు రాయించిందని.

నిజాలు ముందు ఒప్పేసుకుందాం. జయరత్నం పేరు రాయలేదు, నిజం. విక్టర్ పేరు రాశారు, అదీ నిజం. కుప్పంలో బంగారు గనుల జట్టు చేతిలో మూడు గోల్స్ తిని తలలు దించుకుని వచ్చారు, అదీ నిజమే. పాయసం తాగిన మాట కూడా నిజమే, ఒకటి కాదు రెండు గ్లాసులు. ఇందిర సంగతి మాత్రం వట్టి అబద్ధం. ఆ మూడు రోజులూ ఆమె పుంగనూరులో వంట చేస్తూనే ఉంది, తినాల్సిన మొగుడే మదనపల్లెలో ఉన్నాడు. ఇక అసలు సంగతి, ఎలీషా ఆ పేరు ఎందుకు రాయలేదన్నది, అదే పేటలో ఎవరికీ తెలీదు. ఆయన్ను ఎన్ని రకాలుగా కదిపినా నవ్వి ఊరుకునేవాడు గానీ ఒక్క ముక్క బయటపడేది కాదు. ఇప్పుడు జయరత్నమే "ఇంక సెప్పుకోండమ్మా, నాకేమీ అడ్డం లేదు" అన్నాడు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవచ్చు.

జయరత్నం పుట్టింది నిమ్మనపల్లె దగ్గర, కూలికి పోయే ఇంట్లో. ఏడేళ్ళప్పుడు మిషన్ బోర్డింగులో చేర్చారు. చదువు ఎనిమిదో తరగతి దాకా నడిచి, లెక్కల దగ్గర కూలబడింది. కుట్టుపని నేర్పే సెక్షనుకు పంపితే అక్కడ మాత్రం చెయ్యి బాగా తిరిగింది. పద్దెనిమిదేళ్ళుగా మిషన్ ఆసుపత్రి కుట్టుగదిలోనే ఉన్నాడు. రోగులు తొడుక్కునే చొక్కాలు, నర్సమ్మల ఏప్రాన్లు, మంచాల దుప్పట్లు, అన్నీ ఆయన మిషను కింద నుంచి వచ్చినవే. మనిషికి మాట బహు పొదుపు. కొలతలు తీసుకునేటప్పుడు "ఊఁ", "తిరుగు", "సరే" అంటాడు, అంతటితో సరి. పెళ్ళిచూపుల్లో కూడా మూడు మాటలకు మించి మాట్లాడలేదని ఆయన భార్య ఫ్లోరా ఇప్పటికీ దెప్పుతుంది.

గ్రౌండులో దిగాడా, ఆ నోరు మూతపడదు. ఆయన ఆడేది సెంటర్‌హాఫ్. అంటే జట్టుకు నట్టనడుమ నిలబడే మనిషి. గోల్ కొట్టేది ఆయన కాదు, ఆపేదీ ఆయన కాదు. బంతి తన దగ్గరకు వచ్చేలోపలే ఎవరు ఎక్కడున్నారో చూసిపెట్టుకుని, ఎవరికి పంపాలో వాళ్ళకు పంపడం ఆయన పని. "ఎడమ పక్క ఎవురూ లేరు, పో! నీ ఈపు ఎనక ఒకడొస్తాండాడు, ఇచ్చెయ్!" అని ఆట అయ్యేదాకా కేకలే. గోల్ పడితే జనం కొట్టినవాణ్ణి భుజాలకెత్తుకునేవారు. ఈయన పోయి చెట్టు కింద కూర్చుని కాలివేళ్ళ మధ్య మట్టి దులుపుకునేవాడు. ఎలీషా బోర్డింగులో చదివే రోజుల్లో ఆయనకు బంతి తన్నడం నేర్పింది ఈయనే.

పంతొమ్మిది వందల నలభై ఆరో సంవత్సరం ఫిబ్రవరిలో బి.కొత్తకోట వాళ్ళతో ఆడుతూ, ఎవరూ తగలకుండానే, తనంతట తాను పక్కకు తిరగబోయి కూలిపోయాడు. కుడి మోకాలు వంగింది వంగినట్టే బిగుసుకుపోయింది. కీలు మధ్యలో ఉండే మెత్తటి ఎముక చిట్లి ఇరుక్కుందని చెప్పి డాక్టరమ్మ కోసి తీసింది. ఆయన ఇంకా మంచం మీద ఉండగానే మదనపల్లె జట్టు ఆయన చోట ఇంకొకరిని పెట్టుకుంది. అది తప్పని అనలేం, ఆట ఒకరి కోసం ఆగేది కాదు. కాకపోతే ఆ సంగతి ఆయనకు చెప్పడానికి మాత్రం ఎవరూ రాలేదు. పక్క మంచం రోగిని చూడ్డానికి వచ్చినవాళ్ళు మాటల్లో అంటే తెలిసింది.

ఇది ఇట్లా ఉండగా పుంగనూరు వాళ్ళకు కుప్పం షీల్డు దగ్గరపడింది. ఎలీషా అప్పటికి మూడేళ్ళుగా పుంగనూరు బడిలో మాస్టరు. దస్తూరి బాగుంటుందని ఆయన్ను జట్టు సెక్రటరీని చేశారు. కెప్టెను చెంగల్రాయుడిది చెనక్కాయల మండీ, వేరుశనగ మూటలు కొని అమ్మే కొట్టు. ఆగస్టులో ఒక సాయంత్రం అందరూ ఆ మండీలో మూటల మీద కూర్చుని పేర్లు తేల్చుకుంటున్నారు. పది పేర్లు తేలాయి. సెంటర్‌హాఫ్ దగ్గర బండి ఆగింది. ఒక్క మనిషిని మాత్రం బయటి ఊరి నుంచి తెచ్చుకోవచ్చునని షీల్డు వాళ్ళ నిబంధన.

"జయరత్నాన్ని తెచ్చుకుందాం," అన్నాడు చెంగల్రాయుడు. "సెంటర్‌హాఫ్ లేకుండా కుప్పం పొయ్యేది యాల? రైళ్ళు సూసేదానికా?"

అందరూ నవ్వారు గానీ నవ్వులో పస లేదు. పోయిన రెండేళ్ళూ మొదటి ఆటలోనే ఓడిపోయి, తిరుగు బస్సు దొరికేదాకా కుప్పం స్టేషన్లో నిజంగానే వచ్చేపోయే రైళ్ళు చూస్తూ కూర్చున్నారు మరి.

"మన విక్టర్ ఉండాడు గదా," అన్నాడు దాసప్ప. ఆయన మగ్గం నేస్తాడు, జట్టుకు గోల్ కాస్తాడు.

"విక్టర్ బంతి తంతాడు, కాదన్లా," అన్నాడు చెంగల్రాయుడు. "ఎవురికి తంతాడో వాడికే తెలీదు."

విక్టర్ అక్కడే ఉన్నాడు. ఇరవై ఏళ్ళవాడు, కోపం ముక్కు మీదే ఉంటుంది. "గోల్ పక్కకే గదన్నా తంతాండేది!"

"గోల్ పక్కకేలే నాయనా. గోల్ దాటి పశువులాసుపత్రి దాకా పోతాది. పోయినసారి ఆ కాంపౌండరు తెచ్చిచ్చినాడు బంతి."

ఎలీషా కల్పించుకోలేదు. సొంత బామ్మర్ది సంగతి, ఎటు మాట్లాడినా తప్పే.

దాసప్ప మాత్రం వదల్లేదు. "జయరత్నమన్నకు నలభై వస్తాండాయి. మోకాలు కోయించుకోని ఆర్నెల్లు నిండలా. గనులోళ్ళు బూట్లు ఏసుకోని ఆడతారప్పా. మనయి ఉత్తకాళ్ళు. ఆ మోకాలు యాడుందో వాళ్ళకు ఒకడు సెప్తే సాలు, దానికే కొడతారు. రేపు ఆయప్పకు ఏమన్నా అయితే మిషను తొక్కేది ఎవురు? నువ్వు తొక్కుతావా?"

"ఆయప్పను పరిగెత్తమని ఎవురన్నారు? నడాన నిలబడి నోటితో ఆడితే సాలు. కాళ్ళు వాళ్ళకూ ఉండాయి, మనకూ ఉండాయి. మనకు లేంది కండ్లు."

ఎలీషాకు ఆ మాట సరిగ్గానే తోచింది. దానితో పాటు ఇంకొకటి తోచింది, అది పైకి చెప్పుకునేది కాదు. జయరత్నాన్ని తెస్తే, బామ్మర్దిని ఆడించుకున్నాడన్న మాట తన మీద పడదు. "శనివారం పోయి చూసొస్తా," అన్నాడు. "బాగుంటే పేరు రాసి మదనపల్లెలోనే పోస్టులో వేస్తా." కాగితం మీద పది పేర్లు రాసి, పదకొండో నంబరు ఎదురుగా ఖాళీ వదిలి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజుల్లో పెట్రోలు ఎక్కడిది, అన్నీ బొగ్గు బస్సులే. మిట్ట వచ్చిందంటే జనం దిగి నెట్టాలి. ఎలీషా మసి చేతులతో పేటలోకి వచ్చేసరికి జయరత్నం ఇంటి ముందు పందిరి వేసి ఉంది. ఫ్లోరా మొక్కుకున్న కృతజ్ఞత కూడిక ఆ రోజే.

ఇక్కడ మన పేట పద్ధతి ఒకటి చెప్పాలి. జబ్బుపడ్డవాళ్ళ పేర్లు ప్రతి ఆదివారం గుడిలో చదివి ప్రార్థన చేస్తారు కదా. కోలుకున్నాక ఇంట్లో కూడిక పెట్టి, కోలుకున్న మనిషి నిలబడి సాక్ష్యం చెప్పి, అందరూ దేవునికి స్తోత్రం చెల్లిస్తే, మరుసటి ఆదివారం నుంచి ఆ పేరు చదవరు. అక్కడితో ఆ జబ్బు అయిపోయినట్టే. ఆ తర్వాత "నొప్పి ఎట్లుంది" అని అడిగితే, అడిగినవాళ్ళకు విశ్వాసం తక్కువని లెక్క. ఇన్నేళ్ళలో ఎంతమంది నిలబడి సాక్ష్యం చెప్పారో, ఒక్కరు కూడా "సగం బాగయింది" అని చెప్పిన పాపాన పోలేదు. అట్లా చెప్పడానికి మాటలే లేవు. ఫ్లోరా ఆసుపత్రి వరండాలో మూడు వారాలు వండుకు తింటూ, ఆయన కర్ర లేకుండా గుడికి నడిచిన నెలలోనే కూడిక పెడతానని మొక్కుకుంది. జూలై ఆఖరున కర్ర వదిలాడు. మొక్కు కాబట్టి ఆగస్టులో పెట్టేసింది.

పాట అయింది, వాక్యం అయింది. జయరత్నం లేచి నిలబడ్డాడు. తెల్ల చొక్కా, తానే కుట్టుకున్నది. పందిరి గుంజ మీద ఒక చెయ్యి ఉంచి, అలవాటు ప్రకారం మూడే మాటలు చెప్పాడు. "కాలు బాగయింది. దేవునికి స్తోత్రం. ఫ్లోరా శానా కష్టపడింది." ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. గుడి పాస్టరు అయ్యగారు అందరినీ మోకరించమన్నారు.

అయ్యగారి ప్రార్థనలు పొడుగు. బోర్డింగు రోజుల్లో పులుసు చల్లారిపోతుందేమోనని ఒక కన్ను తెరిచి చూసే అలవాటు ఎలీషాకు ఉండేది. పిల్లలకు బైబిలు పాఠం చెప్పే మాస్టరు అయ్యాక కూడా ఆ పాడు అలవాటు పోలేదు. తెరిచాడు. పందిట్లో అరవై మంది తలలు వంచి, కళ్ళు మూసుకుని, మోకాళ్ళ మీద ఉన్నారు. జయరత్నం ఒక్కడే ఎడమ మోకాలి మీద ఉన్నాడు. కుడికాలు పక్కకు, నేల మీద, బారుగా చాపి ఉంది. దాని మీద పంచె కప్పుకుని, గుంజను రెండు చేతులా పట్టుకుని, మెడ నరాలు లేచేలా బరువంతా ఆపుకుంటున్నాడు. "ఆమేన్" దగ్గరపడుతోందని గొంతును బట్టి తెలియగానే గుంజ పట్టుకుని అందరికంటే ముందు లేచి నిలబడ్డాడు. జనం కళ్ళు తెరిచేసరికి నవ్వుతూ ఉన్నాడు.

ఎలీషాకు ఇదొక చిక్కయింది. చూసిన సంగతి ఎవరితో చెప్పాలి? చెబితే మొదట వచ్చే ప్రశ్న, ప్రార్థనలో నువ్వు కళ్ళు ఎందుకు తెరిచావని.

ఫ్లోరా పాయసం గ్లాసు చేతికిచ్చిందో లేదో, పేట చుట్టుముట్టింది. "ఏం సారూ, రాసేసుకున్నట్టేనా?" "ఇంకేం కావాల? దేవుడే సర్టిఫికెట్ ఇచ్చినాడు!" "మదనపల్లె జట్టోళ్ళు ముక్కు మీద ఏలేసుకోవాల!" "మీ బామ్మర్ది ఉండాడని ఎనకాడతాండావా ఏమి?" ఆ ఆఖరి మాట అన్నది ఎవరో ఆడమనిషి, పేరెందుకులే. ఎలీషా రెండో గ్లాసు పాయసం తాగాడు. జయరత్నం దూరంగా నిలబడి అందరికీ బెంచీలు సర్దుతున్నాడు. ఒక్కసారి మాత్రం ఎలీషా వైపు చూశాడు.

మర్నాడు గుడి అయ్యాక ఎలీషా ఆసుపత్రికి పోయి డాక్టరమ్మను పట్టుకున్నాడు. ఆమె అమెరికా మనిషి, తెలుగు బైబిలు చదివి తెలుగు నేర్చుకుంది, మాట్లాడితే అచ్చం గుడిలో చదివినట్టే ఉంటుంది.

"ఆ కీలులో తీయవలసినది తీసితిని," అంది చేతులు కడుక్కుంటూ. "తిన్నగా నడచును. కొంచెము పరుగెత్తును. హఠాత్తుగా తిరిగినయెడల ఏమగునో నేను చెప్పజాలను. ఇంకను ఆరు మాసములు కాలేదు. మరల చెడినయెడల తీయుటకు అందులో ఏమియు లేదు. ఆ కాలు కర్రవలె నిలిచిపోవును."

"కుట్టుమిషను తొక్కడం?"

"అదియు పోవును."

"మరి ఆడకూడదని మీరాయనకు చెప్పలేదా, అమ్మగారూ?"

ఆమె తువాలు తీసుకుని చేతులు తుడుచుకుంది. "ఆయన నన్ను అడుగలేదు. నేను ఆయన మోకాలిని ఎరుగుదును. ఆయన మనస్సును ఎరుగను."

అక్కడి నుంచి ఎలీషా ఫ్లోరా దగ్గరకు పోయాడు. జయరత్నం ఇంట్లో లేడు. ఆమె వాకిట్లో కూర్చుని, నిన్న మిగిలిన చెనక్కాయలు ఒలుస్తోంది. కూర్చోమని పీట వేసి, ఆయన అడక్కముందే అందుకుంది.

"నన్నేమీ అడగొద్దు సారూ. బాగలేదంటే నిన్న అరవై మంది ముందర సేసిన స్తోత్రం అబద్ధమైపోతాది. మొక్కుకున్నది నేను, పాయసం కాసింది నేను. బాగుండాదంటే..." ఒక కాయ ఒలిచి, పప్పు చేటలో వేసి, పొట్టు చేతిలోనే పట్టుకుని కూర్చుంది. "ఈ మధ్య గుడికి పొయ్యేటప్పుడు నేను ముందర నడస్తాండాను. పేటలో ఆడోళ్ళు ఎక్కిరిస్తాండారు, ఫ్లోరా మొగుణ్ణి ఎనకేసుకోని పోతాండాదే అని. ఎనక నడిస్తే ఆయప్ప కుంటేది కనబడతాది సారూ. ముందర నడిస్తే కనబడదు."

ఎలీషా లేవబోయాడు.

"ఇంకోటి కూడా వినండి. తెల్లారగట్ల లేసి గ్రౌండు కాడికి పోతాండాడు. నాకు తెలీదనుకుంటాడు. వచ్చినాక కాళ్ళు కడుక్కుంటాడు గదా, తొట్టి కాడ ఎర్రమట్టి ఉంటాది. ఆ మదనపల్లె జట్టోళ్ళు తీసేసిన కాడినించి ఇంట్లో కూడా ఊఁ అనడం మానేసినాడు. మీరు వచ్చినారని తెలిసిన పొద్దు మాత్రం అన్నం రెండోసారి అడిగి ఏయించుకున్నాడు." ఫ్లోరా చేట ఎత్తి చెరుగుతూ ముఖం పక్కకు తిప్పుకుంది. "రాస్తే ఒక బాధ. రాయకపోతే ఒక బాధ. మీరు సదువుకున్నోళ్ళు, మీరే తేల్చండి."

చదువుకున్నాయన ఆ సాయంత్రం పేటలోనే ఉన్న తన తల్లి ఇంటి అరుగు మీద కాగితం విప్పుకుని కూర్చున్నాడు. పది పేర్లు, పదకొండో చోటు ఖాళీ. రాస్తే చెంగల్రాయుడికి సంతోషం, పేటకు సంతోషం. బామ్మర్దిని కాదని పెద్దమనిషిని తెచ్చాడని తనకు మంచిపేరు. ఏమో, షీల్డు కూడా వస్తుందేమో. రాయకపోతే అందరి చేతా తిట్లు. ఎటు పోవాలో ఇంత తేటగా ఉన్నా పెన్ను ముందుకు పోవడం లేదు. పంచె కింద బారుగా చాపిన కాలే కళ్ళముందు ఆడుతోంది. తన మీద మాట పడకుండా ఉండటానికి ఆ కాలును గనుల వాళ్ళ బూట్ల ముందు నిలబెట్టాలా అనిపించింది ఒక క్షణం. మరుక్షణమే ఇంకొకటి అనిపించింది. మదనపల్లె జట్టు ఆయన్ను మంచం మీద ఉండగా చెప్పకుండా తీసేసింది. ఇప్పుడు తనూ ఆయన మంచి కోసమేనంటూ అట్లాగే చెప్పకుండా తీసేస్తే, వాళ్ళకూ తనకూ తేడా ఏముంది? ఇరవై రెండు మందిని నడిమధ్యలో నిలబడి చూసే మనిషికి తన మోకాలు తనకు కనబడదా?

అప్పుడు వెలిగింది ఎలీషాకు. మండీలో ఆయన గురించి మాట్లాడారు, పందిట్లో మాట్లాడారు, డాక్టరమ్మ మాట్లాడింది, పెళ్ళాం మాట్లాడింది. నువ్వేమంటావని ఆయన్ను అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. తాను కూడా అడగలేదు.

సోమవారం పోస్టు పదింటికి పోతుంది. ఎలీషా తొమ్మిదింటికే కుట్టుగదికి పోయాడు. జయరత్నం దిండు గలీబులు కుడుతున్నాడు. పక్కన ఒక గుట్ట అయిపోయింది, ఇంకో గుట్ట మిగిలి ఉంది. మిషను కింద ఎడమకాలు ఒక్కటే తొక్కుతోంది. కుడికాలు ముందుకు చాపి పెట్టుకున్నాడు.

"రాప్పా," అన్నాడు తలెత్తకుండానే. "పోస్టు పదికి గదా."

"నీకెవరు చెప్పినారన్నా?"

"సెప్పందెవురు? నిన్నటి నించి ముగ్గురు వచ్చినారు, కుప్పం పోతాండావు గదా, కొత్త నిక్కరు కుట్టించుకో అని. టైలరు కాడికొచ్చి సెప్పేమాట."

ఎలీషా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎట్లా మొదలుపెట్టాలో తెలీక, నేరుగా తన తప్పు దగ్గర మొదలుపెట్టాడు.

"అన్నా, శనివారం ప్రార్థనలో నేను కండ్లు తెరిచినాను."

మిషను ఆగింది. "తెలుసు."

"నీకెట్ల తెలుసు?"

"నాయి మూసుంటే గదా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు జయరత్నమే నవ్వాడు, పళ్ళు కనబడేలా, గ్రౌండులో నవ్వినట్టు. ఎలీషా కూడా నవ్వాడు. గడప దగ్గర పోతున్న నర్సమ్మ ఆగి లోపలికి తొంగిచూసింది. కుట్టుగదిలో నవ్వు వినబడటం ఆమెకు కొత్త.

"మరి అప్పుడే నాతో ఒక మాట చెప్పకూడదా అన్నా? రెండు రోజులుగా ఈ కాగితం మోసుకుని తిరగతాండాను."

"నువ్వే అడుగుతావని సూస్తాండా. డాక్టరమ్మ కాడికి పోతివి. ఫ్లోరా కాడికి పోతివి. దావలో అయ్యగారి కాడ కూడా నిలబడితివంట. మోకాలు ఉండేది నాకాడ గదప్పా!" కోపంగా కాదు, గ్రౌండులో బంతిని తప్పు పక్కకు తన్నిన కుర్రవాళ్ళతో చెప్పినట్టు చెప్పాడు. "ఎవురు యాడుండారో సూసుకోని తన్నమని నీకు నేర్పించలా నేను?"

ఎలీషా సిగ్గుపడ్డాడు. కాగితం తీసి మిషను బల్ల మీద, గలీబుల పక్కన పరిచాడు. పెన్ను మూత తీశాడు.

"సరే, ఇప్పుడడగతాండాను. శనివారం నలుగురిలో చెప్పింది నాకొద్దు. చెంగల్రాయుడు ఏమంటాడు, పేట ఏమంటాది, అది కూడా వద్దు. నీకు తెలిసింది నువ్వు చెప్పు. ఆ కాలు మోస్తాదా మోయదా? నీ పేరు రాయల్నా వద్దా?"

జయరత్నం సూది కింద నుంచి గలీబు తీసి, దారం కొరికి, మడతపెట్టి గుట్ట మీద పెట్టాడు. కాగితం తన వైపు తిప్పుకుని పది పేర్లూ చదివాడు. ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టి కాసేపు అట్లాగే ఉంచాడు. వేలు కొనలకు సూది గుచ్చుకున్న మచ్చలు.

"నేరుగా పరిగెత్తితే మోస్తాది," అన్నాడు. "తెల్లారగట్ల రోజూ పోయి సూసుకుంటాండా. తిరిగితే మోయదు. తిరక్కుండా సెంటర్‌హాఫ్ ఆడినోడు ఈ బూమ్మీద లేడు. బాగయిందని నలుగురిలో నిలబడి సెప్పేసినాను, ఆ మాట నేను ఎనక్కి తీసుకుంటే ఫ్లోరా తల ఎత్తుకోలేదు. నన్ను తీసేసినావని తిట్లన్నీ నీ నెత్తిన పడతాయి, అదీ తెలుసు." కాగితం మీంచి వేలు తీసేశాడు. "కానీ నువ్వు రాస్తివంటే నేను వచ్చేస్తానప్పా. కాలు ఇరిగిపోతాదని తెలిసీ బస్సెక్కేస్తా. రానని సెప్పేంత బలం నాకు లేదు. అందుకే రాయొద్దు."